మందారా, గన్నేరా: రేగడి నేల, బోరు నీళ్లు, పెరట్లో బర్రెలు ఉన్న ఇంటికి ఏది?

మీ ప్రశ్న సారాంశం ఇది. హనుమకొండ శివారులో కొత్తగా కట్టిన ఇల్లు. రోడ్డు వైపు ఇరవై అడుగుల ప్రహరీ, దాని మీద పడమటి ఎండ. నేల రేగడి, నీళ్లు బోరువి. పెరట్లో రెండు బర్రెలు, ఇంట్లో నాలుగేళ్ల పాప. రోజూ పూజకు పూలు కావాలి. మందార పెట్టాలా, గన్నేరు పెట్టాలా, రెండూ కలిపి ఒకే వరుసలో పెట్టొచ్చా అని అడిగారు.

ఎండ, నేల, నీళ్లు మాత్రమే చూస్తే గన్నేరే సరైన మొక్క. కానీ బర్రెలు, పాప ఉన్న ఇంట్లో గన్నేరు వద్దు. మందారే పెట్టండి. దానికి కొంచెం ఎక్కువ పని ఉంటుంది, ఆ పని ఏమిటో కింద వివరంగా రాస్తున్నాను. పూల మొక్క కొనేటప్పుడు అందరూ రంగు, పూత కాలం అడుగుతారు. ఆ మొక్క దగ్గరికి ఎవరెవరు వస్తారు, దాన్ని ఎవరు తింటారు అన్నది ముందు చూసుకోవాలి. ఈ రెండు మొక్కల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. మందారను అందరూ తింటారు: కోతులు, మేకలు, తెల్లటి పిండిలా కొమ్మకు అంటుకునే పిండినల్లి, తామర పురుగులు. గన్నేరును తిని బతికేవి కొద్ది రకాల పురుగులే.

మందార మాల్వేసీ కుటుంబం. పత్తి, బెండ, గోంగూర, తుత్తురు బెండ దాని చుట్టాలు. ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి, అంచులు పళ్లుపళ్లుగా ఉంటాయి, నలిపితే జిగురు. పువ్వు మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒకే గొట్టంగా బయటికి పొడుచుకొస్తాయి. గన్నేరు అపోసైనేసీ కుటుంబం. జిల్లేడు, నందివర్ధనం, బిళ్ల గన్నేరు, దేవగన్నేరు, పచ్చ గన్నేరు అన్నీ ఆ ఇంటివే. గన్నేరు ఆకులు ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఉంటాయి. సన్నగా, పొడవుగా, తోలులా మందంగా ఉంటాయి. పూలు కొమ్మ చివర గుత్తిగా వస్తాయి.

గన్నేరు ఎండకు ఎలా తట్టుకుంటుందో ఆకు తిప్పి చూస్తే అర్థమవుతుంది. ఆకు ఊపిరి పీల్చే రంధ్రాలు అడుగు భాగంలో చిన్న చిన్న గుంటల్లో దాగి ఉంటాయి, ఆ గుంటల నిండా సన్నని నూగు. వేడిగాలి నేరుగా తగలదు కాబట్టి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. రోహిణి కార్తెలో ఎండ 44 డిగ్రీలు దాటినా, కుదురుకున్న గన్నేరుకు వారానికి ఒకసారి ఇరవై లీటర్లు పోస్తే సరిపోతుంది. అదే మందార ఆకు పల్చన, వెడల్పు. మేలో నేలలో ఉన్న మూడు అడుగుల మందారకు రెండు రోజులకోసారి పది నుంచి పదిహేను లీటర్లు కావాలి. చల్క నేలైతే రోజూ చూడాలి. జాతీయ రహదారుల డివైడర్ల మీద గన్నేరు పెట్టడానికి కారణం ఇదే. నీళ్లు లేకున్నా బతుకుతుంది, దుమ్ముకు తట్టుకుంటుంది, పశువులు మేయవు.

పశువులు మేయవు అన్న ఆ మాట దగ్గరే జనం పొరబడుతున్నారు. ఆకు చేదుగా ఉంటుంది కాబట్టి చెట్టు మీది ఆకును బర్రె సాధారణంగా ముట్టదు. ప్రమాదం కత్తిరించిన కొమ్మలతో వస్తుంది. కొమ్మలు కొట్టి గోడ పక్కన పడేస్తారు. అవి వాడిపోతాయి, గడ్డిలో కలుస్తాయి, ఎవరో ఆ గడ్డిని తెచ్చి గాడిలో వేస్తారు. ఎండినా విషం పోదు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, గింజ అన్నిటిలోనూ గుండె మీద పనిచేసే ఓలియాండ్రిన్ లాంటి విషాలు ఉంటాయి. పెద్ద పశువుకైనా పది ఇరవై ఆకులు ప్రాణాంతకం కావొచ్చు. కుడితి తొట్టిలో రాలిన ఆకులు నానినా ఆ నీళ్లు పనికిరావు. పాపకు ఇంకా తక్కువ మోతాదే చాలు. పువ్వు నోట్లో పెట్టుకోవడం, కొమ్మను పుల్లలా నమలడం నాలుగేళ్ల వయసులో మామూలే. అందుకే వద్దంటున్నాను.

మీ పక్కింట్లో గన్నేరు ఉండొచ్చు కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. పిల్లలు నమిలినట్టు అనుమానం వస్తే నోట్లోది తీసి, నోరు కడిగించి వెంటనే 108కి ఫోన్ చేయండి. లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. ఆ కొమ్మ ముక్కను సంచిలో పెట్టి వెంట తీసుకెళితే డాక్టరుకు పని సులువవుతుంది. వాంతులు, కడుపునొప్పి ముందు వస్తాయి, గుండె లయ తప్పడం తర్వాత. ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకూడదు. బర్రె మేత మానేసి, పారుకుంటూ, నీరసంగా నిలబడితే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసి గన్నేరు సంగతి ముందే చెప్పండి. గన్నేరు కట్టెను పొయ్యిలో పెట్టొద్దు, చెత్తతో కాల్చొద్దు, పొగ కూడా హానికరం. పూజకు తెచ్చిన గన్నేరు పూలను ప్రసాదం పళ్లెంలో, తీర్థం చెంబులో వేయకండి. బతుకమ్మ పేర్చేటప్పుడు గన్నేరు కలిపితే పిల్లల చేతులు కడిగించండి. పచ్చ గన్నేరు వేరే మొక్క. పసుపు గరాటు పూలు, కోణాలు తేలిన కాయలు ఉంటాయి. అదీ ఇంతే విషం, గింజ మరీ ప్రమాదం.

ఇక మందార సంగతి.

కొత్త ఇల్లు అన్నారు కాబట్టి ముందు గోడ వెంట నేల తవ్వి చూడండి. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం తప్పకుండా ఉంటాయి. రేగడిలో అసలే సున్నపు పాలు ఎక్కువ. దానికి సిమెంటు తోడైతే మందారకు ఇనుము అందదు. గోడ నుంచి మూడు నాలుగు అడుగుల వెడల్పున, అడుగు లోతు వరకు ఆ చెత్తంతా ఎత్తి బయట పోయించండి. ఈ పని మానేసి ఎన్ని మందులు కొన్నా డబ్బు దండగే.

తర్వాత నీరు ఇంకే పరీక్ష. అడుగున్నర గుంత తీసి నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి నీళ్లు నిలిచి ఉంటే అక్కడ గుంతలో నాటొద్దు. రేగడిలో గుంత తీసి మంచి మట్టి నింపితే వానల్లో అది గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేర్లు కుళ్లుతాయి. బదులుగా నేల మీద అడుగు నుంచి అడుగున్నర ఎత్తు మడి కట్టండి. రెండు పాళ్లు చల్క మట్టి, ఒక పాలు బాగా చివికిన పెంట ఎరువు, ఒక పాలు ముతక ఇసుక. మొక్కకు రెండు వందల గ్రాముల వేపపిండి కలపండి, చెదలకూ పనికొస్తుంది. పెంట పచ్చిగా ఉంటే వేడి చేసి వేర్లు మాడుస్తుంది. ఇంట్లోనే బర్రెలు ఉన్నాయి కాబట్టి ఆరు నెలలు మాగిన కుప్ప నుంచే తీసుకోండి.

ఇరవై అడుగులకు నాలుగు మొక్కలు చాలు. మధ్య ఐదు అడుగులు, గోడకు రెండున్నర అడుగుల దూరం. పడమటి గోడ పగలంతా కాగి రాత్రి దాకా వేడి కక్కుతుంది, అందుకే ఆ దూరం. మిరుగం తర్వాత రెండు మంచి వానలు పడ్డాక నాటండి. ఆగస్టు దాటితే చలికాలంలోపు వేరు కుదురుకోదు. మొదటి ఎండాకాలం మార్చి చివర నుంచి జూన్ దాకా సగం నీడ ఇచ్చే పచ్చ వల కట్టండి. మొదలు చుట్టూ మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు.

రకం విషయంలో నా సలహా గట్టిగా ఉంటుంది: నాటు ఎర్ర రేక మందార. ఒంటి రేకల పాత రకం. నర్సరీల్లో కనిపించే అరచేయంత రంగురంగుల హైబ్రిడ్లు అందంగా ఉంటాయి, కానీ పడమటి ఎండలో, బోరు నీళ్లతో వాటిని నిలబెట్టడం చాలా కష్టం. ముద్ద మందార మధ్యస్థం. పూత బాగుంటుంది కానీ మొగ్గ ఎక్కువ రాలుతుంది. హైబ్రిడ్ కావాలనే ఉంటే పదహారు అంగుళాల కుండీలో తూర్పు వైపు పెట్టుకోండి.

కొమ్మతో పెంచుకోవాలంటే జూలై, ఆగస్టు మంచి కాలం. పెన్సిల్ లావు, పూర్తిగా ముదరని కొమ్మ, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు కొంచెం దిగువన ఏటవాలుగా ఉండాలి. పైన రెండు ఆకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించండి. సగం ఇసుక, సగం మట్టి ఉన్న సంచిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో పెట్టండి. చిగురు వచ్చిందని వెంటనే లాగి నాటొద్దు. కొమ్మలోని నిల్వతోనే చిగురు వస్తుంది, వేరు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. గన్నేరు కొమ్మ అయితే సీసా నీళ్లలో పెట్టినా వేరు వేస్తుంది. ఆ నీళ్లూ విషమే కాబట్టి ఆ సీసా వంటింట్లో ఉండకూడదు.

మన దగ్గర మందారను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది పిండినల్లి. వరంగల్ చుట్టుపక్కల అది ఎందుకు ఇంతగా వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. పత్తిని పట్టే పిండినల్లే మందారకూ వస్తుంది. సంక్రాంతి తర్వాత పత్తి కట్టె పీకి పొయ్యికోసం ఇంటి పక్కన కుప్ప వేస్తారు. కట్టె ఎండేకొద్దీ పురుగు పచ్చగా ఉన్న చుట్టం కోసం బయలుదేరుతుంది. దగ్గర్లో దొరికేది మీ మందార. తుత్తురు బెండ, వయ్యారిభామ కూడా దానికి ఆశ్రయమిస్తాయి. కాబట్టి పత్తి కట్టె కుప్ప మందారకు వీలైనంత దూరంగా ఉండాలి, గోడ వెంట ఆ కలుపు పీకెయ్యాలి. చీమల బారు కొమ్మ ఎక్కుతుంటే పిండినల్లి ఉందనే అర్థం. అది విసర్జించే తీపి కోసం చీమలు దాన్ని కాపాడతాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి. చీమల్ని ఆపకుండా పురుగును తగ్గించలేరు.

కొత్త చిగుళ్లు ముడుచుకుని గుత్తిలా గిడసబారితే ఆ చివర్లను కత్తిరించి పాలిథిన్ సంచిలో కట్టి పూడ్చండి, కింద పడేయొద్దు. మిగతా కొమ్మలను పైపు నీటితో ఆకు అడుగు నుంచి గట్టిగా కొట్టండి. తర్వాత సాయంత్రం ఐదు దాటాక, లీటరు నీటికి, డబ్బా మీద 1500 పీపీఎం అని రాసి ఉండే వేపనూనె ఐదు మిల్లీలీటర్లు, అర గ్రాము సబ్బుపొడి కలిపి ఆకు అడుగులు, కొమ్మల పంగలు తడిసేలా పిచికారీ చేయండి. ఏడు రోజులకోసారి మూడుసార్లు చేయాలి. ఒక్కసారితో ఆపేస్తే మైనపు సంచిలో భద్రంగా ఉన్న గుడ్లు పొదిగి మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది మందు పనిచేయలేదని అనుకునేది ఇక్కడే. పిండినల్లిలాగే తెల్లటి పోగులతో, దానికంటే పెద్దగా, చురుగ్గా నడిచే పిల్లపురుగు కనిపిస్తే చంపొద్దు. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల.

ఇంట్లో మిగిలిన పత్తి మందు డబ్బా తెచ్చి మందారకు కొట్టకండి. ఆ పువ్వు దేవుడి దగ్గరికి, తలనూనెలోకి, కొందరి ఇళ్లలో కషాయంలోకి పోతుంది. పాప అందుకునే ఎత్తులో ఉంటుంది.

ఆకులు పసుపెక్కడం గురించి కూడా అడిగారు. ఏ ఆకు పసుపెక్కింది అన్నది చూసి మందు నిర్ణయించాలి. కొత్త ఆకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. మీ నేలలో వచ్చేది ఎక్కువగా ఇదే. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, కలిపిన వెంటనే సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు. కలిపిన నీళ్లు తుప్పు రంగుకు మారితే పారబోసి కొత్తగా కలపండి. అన్నభేదిని రేగడి నేలలో పోస్తే సున్నంతో కలిసి మొక్కకు అందకుండా పోతుంది, ఆకు మీదే పనిచేస్తుంది. పాత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం తక్కువ. లీటరుకు పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. తడి నేలలోనే ఆకులు వేలాడి, పాతా కొత్తా కలిసి రాలుతుంటే వేరు కుళ్లు. నీళ్లు ఆపి, లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయండి. వాడిపోయిందని ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు.

మీ బోరు నీళ్లు బకెట్‌లో తెల్లటి పొర కడుతున్నాయంటే ఆ ఉప్పులు మడిలోనూ పేరుకుంటాయి. వానాకాలం ఆ మట్టిని బాగా తడవనిచ్చి కడగనివ్వండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు ఉండవు, వాటిని మందార కోసం పట్టి ఉంచుకోండి. గన్నేరుకు ఈ ఉప్పు నీళ్ల బాధ దాదాపు లేదు.

ఎరువు విషయంలో మన రైతు ఇళ్లలో ఒక అలవాటు ఉంది. డీఏపీ మిగిలితే గుప్పెడు పూలమొక్కలకు వేస్తారు. భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింకు మొక్కకు అందవు. మందార పసుపెక్కి పూత తగ్గుతుంది. యూరియా ఎక్కువైతే ఆకు దండిగా వస్తుంది, పిండినల్లి అంతకంటే దండిగా వస్తుంది. మందార పూతకు కావాల్సింది పొటాష్. పత్తికి కొట్టే 13-0-45 (పొటాషియం నైట్రేట్) మీ దగ్గర ఎరువుల దుకాణంలోనే దొరుకుతుంది. లీటరుకు ఐదు గ్రాములు, పదిహేను రోజులకోసారి ఆకుల మీద. మొక్కకు ఏటా రెండుసార్లు, జూన్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మూడు కిలోల మాగిన పెంట. గన్నేరుకు ఏడాదికి ఒకసారి పెంట వేస్తే చాలు. ఎక్కువ పెడితే ఆకే పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

మొగ్గ రాలితే రాలిన మొగ్గను తీసి చీల్చి చూడండి. లోపల సన్నగా, గీతల్లా కదిలేవి తామర పురుగులు. రంధ్రం పడి లోపల రెట్ట ఉంటే పత్తిని, బెండను తొలిచే మచ్చల పురుగు. ఏమీ లేకుండా మొగ్గ పసుపై తొడిమ దగ్గర ఊడితే నీళ్ల తేడా. అంటే నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి వరద పెట్టడం. మే నెలలో ఎండ 42 దాటాక కొంత రాలడం సహజం, అప్పుడు మందుల జోలికి పోవద్దు.

కత్తిరింపులో రెండింటికీ తేడా ఉంది. మందార కొత్త కొమ్మ మీద, ఆకు పంగలో పూస్తుంది. ఫిబ్రవరి మొదట్లో మూడో వంతు తగ్గిస్తే ఎండలు ముదిరేలోపు కొత్త ఆకు కప్పుకుంటుంది. ఏప్రిల్, మేల్లో గట్టిగా కత్తిరిస్తే బయటపడిన కాండం ఎండకు పగులుతుంది. జూన్ వానలకు మరోసారి చివర్లు తుంచితే ఒక్కో చివరకు రెండు మూడు కొమ్మలు వస్తాయి. ఆరు నుంచి పది వారాల్లో పూత అందుతుంది. దసరా పూలు కావాలంటే ఈ లెక్కన జూలై తర్వాత కత్తెర పట్టొద్దు. గన్నేరు కొమ్మ కొసన పూస్తుంది కాబట్టి ప్రతి వారం కొసలు చదును చేసే ఇళ్లలో అది పూయదు. పూత అయ్యాక మూడాకుల కణుపుకు సరిగ్గా పైన కోస్తే మూడు కొమ్మలు లేస్తాయి. చేతికి తొడుగు వేసుకుని కోయాలి, ఆ రసం కంట్లో పడకూడదు.

కోతులు మీ వైపు ఎక్కువని రాశారు. మందార మొగ్గ వాటికి ఇష్టం, గన్నేరు జోలికి పోవు. వల కట్టి మొక్కంతా మూయడం కన్నా సులువైన పద్ధతి ఉంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ సాయంత్రానికే బాగా ఉబ్బి, రంగు రేకు బయటికి చుట్టుకుని కనిపిస్తుంది. పొద్దు గూకే వేళ ఆ మొగ్గలు కోసి తడిబట్ట మీద పెట్టండి. తెల్లవారి ఇంట్లోనే విచ్చుకుంటాయి. చెట్టు మీద పూసినా మందార సాధారణంగా ఒక్క రోజే ఉంటుంది, కాబట్టి ముందు రోజు కోస్తే మీకు పోయేదేమీ లేదు.

ఎప్పుడైనా బర్రెలు అమ్మేసి, పాప పెద్దదయ్యాక గన్నేరు పెట్టాలనిపిస్తే ప్రహరీ బయట, రోడ్డు వైపు, ఆరు అడుగుల ఎడంతో పెట్టండి. అప్పుడు కూడా మందారతో ఒకే వరుసలో వద్దు. ఒకదానికి సరిపోయే నీళ్లు ఇంకోదానికి ఎక్కువో తక్కువో అవుతాయి, పూలు కోసే చేతికి రెండు మొక్కలూ కలిసిపోతాయి. ఈలోగా పక్కింటి గన్నేరు కొమ్మలు మీ గోడ మీదికి వంగితే వాళ్లతో మాట్లాడి మీవైపువి కోయించండి. కోసిన కొమ్మలను ఒక్క ఆకు మిగలకుండా ఏరి, సంచిలో కట్టి, గడ్డి వాముకు దూరంగా రెండు అడుగుల గుంతలో పూడ్చండి.